గాలి లేని పూట పచ్చలైటు

"ఐదింటి దాకా టైమిస్తున్నాను గురువుగారూ. ఐదు కొట్టగానే వీణ్ణి జీపెక్కిస్తాను, రేపు పొద్దున కోర్టులో పెడతాను. ఆ తర్వాత మీరెంత నిదానంగా ఆలోచించుకున్నా నాకేం అభ్యంతరం లేదు."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట నవ్వుతూనే అన్నాడు. ఒకప్పుడు అతను ఈ పెద్దమనిషి దగ్గరే పని నేర్చుకున్నాడు. 'గురువుగారూ' అనే పిలుపులో గౌరవం ఎప్పుడో ఆవిరైపోయింది, అలవాటొక్కటే మిగిలింది. ఏ కేసు చేతికిచ్చినా "నిదానం, నిదానం" అంటూ మొదలుపెట్టేవాడని డిపార్టుమెంటంతా ఆయన్ని నిదానం అనే పిలిచేది. రిటైరై సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నా ఆ పేరు మాత్రం రిటైర్ కాలేదు.

నిదానం కుర్చీ లాక్కుని, బల్లకి అటువైపు కూర్చున్న మనిషిని చూశాడు. ముప్ఫై దాటిన వయసు, మాసిన చొక్కా, రెండు రోజులుగా నిద్రలేని కళ్లు. ఈ విత్తనాల గిడ్డంగిలో నెట్‌వర్క్ పని చూసేది అతనే. ఎక్కడ నెట్ ఆగినా అందరూ అతని కోసమే కేకేస్తారు కనుక అతనికి సిగ్నల్ అని పేరు పడిపోయింది. ఇప్పుడు అతని మీద ఉన్న నేరం యజమానిని చంపడం.

"మొదట్నుంచి చెప్పు బాబూ. నాకు కంప్యూటర్లంటే భయం లేదు గానీ భక్తి కూడా లేదు. తెలిసే మాటల్లో చెప్పు" అన్నాడు నిదానం.

"విత్తనాలకి పురుగు పట్టకుండా ఆ చివరి గదిలో మందు పెడతారు సార్. మందు గది అంటాం. నాలుగు రోజులు తలుపులు బిగించి ఉంచితే లోపలంతా విషవాయువే. తర్వాత దాన్ని బయటికి పంపాలి. ఫ్యాన్లు వేస్తే గంటలో పోతుంది. కానీ పెద్దాయన..." సిగ్నల్ ఆగాడు.

"పోయినవాళ్ల గురించి చెడు చెప్పకూడదనా? ఫర్వాలేదు, చెప్పు."

"పెద్దాయన ఎంగిలి చేత్తో కాకిని తోలేవాడు కాదు సార్. బయట గాలి ఊరికే వీస్తుంటే ఫ్యాన్లకి కరెంటెందుకన్నాడు. అందుకని పైకప్పుకి కిటికీలు పెట్టించాడు. గాలి బలంగా ఉంటే కిటికీలు తెరుచుకుంటాయి, ఆ గాలికే లోపలిదంతా పోతుంది. గాలి లేకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి. ఏది చెయ్యాలో తేల్చడానికి కంప్యూటర్ కొందామంటే, 'ఆ రౌటర్ పెట్టె పగలూ రాత్రీ ఊరికే మెరుస్తూ కూర్చుంది కదా, దానికేదైనా పని చెప్పు' అన్నాడు."

"చెప్పావా?"

"చెప్పాను. రౌటర్‌లోనే చిన్న స్క్రిప్టు రాశాను, అంటే దానికి పని చెప్పే వరుసలు. పది నిమిషాలకోసారి అది ఇంటర్నెట్‌లో ఒక వాతావరణ సంస్థని అడుగుతుంది, ఇక్కడ గాలి ఎంత వేగంగా ఉందని. వాళ్ల జవాబు మనిషి మాట్లాడినట్టుండదు సార్. ఎండ, వాన, మబ్బు, తేమ అన్నీ గుచ్చి పెద్ద దండలా పంపిస్తారు. అందులో 'గాలి వేగం' అనే మాట ఎక్కడుందో వెతికి, దాని పక్కనున్న అంకె ఒక్కటీ కోసుకోవాలి. బియ్యంలో రాళ్లేరడం కాదు, రాళ్లలోంచి రెండు బియ్యపు గింజలేరడం. వరుసగా మూడుసార్లు గాలి బలంగా ఉందని జవాబొస్తే గదిలో వాయువు పోయినట్టు లెక్క. తలుపు మీద ఎర్రలైటు పోయి పచ్చలైటు పడుతుంది."

"మొన్న మధ్యాహ్నం పచ్చలైటు పడింది. మీ పెద్దాయన లోపలికి వెళ్లాడు. మళ్లీ నడుచుకుంటూ రాలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "గది నిండా వాయువు అలాగే ఉంది. లైటు వెలిగించింది వీడి స్క్రిప్టు. స్క్రిప్టు తాళం వీడి చేతిలోనే ఉంది. ఇక పగ సంగతంటారా, నాలుగేళ్ల కిందట అదే గదిలో వీడి బావ పోయాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం గురువుగారూ ఇతను. మీరేమో గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకున్నారు."

"మా బావ పోయాడనే కదా సార్ నేను ఆ లైటు పెట్టింది" అన్నాడు సిగ్నల్. గొంతు పెద్దగా రాలేదు. "ఇంకెవరూ అలా పోకూడదని పెట్టాను."

నిన్న పొద్దున ఇతని అక్క వచ్చి తన గుమ్మంలో నిలబడి అన్న మాటలు నిదానానికి గుర్తొచ్చాయి. 'వాణ్ణి నా చేతుల్తో పెంచానండీ. చీమ కనబడితే చుట్టూ తిరిగి వెళ్తాడు. ఎలాగైనా వాణ్ణి బయటపడెయ్యండి' అంది. ఏడవలేదు. ఏడుపు రాని మనుషుల్ని ఆయన ఎప్పుడూ కాదనలేకపోయేవాడు. అందుకే వెంటనే ఒప్పుకున్నాడు.

"గది చూసొస్తాను" అని లేచాడు.

* * *

మందు గది తలుపు ఇనుపది, అంచులకి రబ్బరు పట్టీ ఉంది. గొళ్లెం మీద పోలీసు సీలు. పైన లైటు ఎర్రగానూ లేదు, పచ్చగానూ లేదు, అసలు వెలగడమే లేదు.

"కరెంటు లేదా?" అని అడిగాడు నిదానం.

"నేనే తీయించాను. లోపల వాయువు ఉంది, ఎక్కడైనా నిప్పురవ్వ లేస్తే అంతా అంటుకుంటుందని గిడ్డంగి లైను మొత్తం ఆపించాను. ఆఫీసు లైను వేరు, దాన్ని ముట్టుకోలేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్, మంచి పని చేసినవాడి ధీమాతో. నిజానికి అది మంచి పనే.

"తలుపు మళ్లీ తెరిచారా?"

"మాస్కులు పెట్టుకుని మనిషిని బయటికి తెచ్చి మూసేశాం. లోపల అలాగే ఉంది. సాక్ష్యం కదా."

గది ఎదురుగా వాకిలి, వాకిట్లో బెంచీ. బెంచీ ఒక చివర అక్క కూర్చుని ఉంది, రెండో చివర యజమాని అల్లుడు ఫోను చూసుకుంటున్నాడు. అక్క ఇక్కడే మొలకల గదిలో పని చేస్తుంది. వచ్చిన ప్రతి సరుకులోంచి చిటికెడు గింజలు తడిపి, ఎన్ని మొలకెత్తాయో చూసి చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఆవిడ భర్త మూటలు మోసే మేస్త్రీగా ఉండి ఈ గదిలోనే పోయాడు.

నిదానం అల్లుడి దగ్గరికి వెళ్లాడు. "ముందు చూసింది మీరేనట."

"అవును. పోలీసులకి చెప్పాను. మళ్లీ మీకూ చెప్పాలా?"

"ముసలివాణ్ణి. వినే ఓపికే తప్ప చదివే ఓపిక లేదు."

అల్లుడు విసుగ్గా ఫోను జేబులో పెట్టుకున్నాడు. "భోజనాలయ్యాక పచ్చలైటు పడింది. మామయ్య లోపలికి వెళ్లారు. ఎంతకీ రాకపోతే వెళ్లి తలుపు తీశాను. గుమ్మం లోపల నా కాళ్ల దగ్గరే పడి ఉన్నారు. అంతే."

"అంతమంది పనివాళ్లుండగా యజమాని ఎందుకెళ్లాడు?"

"అది ఆయన పెట్టుకున్న నియమం. నాలుగేళ్ల కిందట..." అల్లుడు బెంచీ చివరికి చూసి గొంతు తగ్గించాడు. "ఆ మేస్త్రీ పోయినప్పుడు పనివాళ్లందరూ గొడవ చేశారు. అప్పుడు మామయ్య అందరి ముందూ మాటిచ్చారు, ఇకమీదట లైటు పడ్డాక ముందు లోపలికి వెళ్లేది నేనేనని. అప్పట్నుంచీ ఆయనే వెళ్లి, చిటికెడు గింజలు తెచ్చి మొలకల గదిలో ఇచ్చేవారు. ఇది ఇక్కడ అందరికీ తెలుసు."

"మీరెప్పుడూ ఆయనతో వెళ్లేవారు కాదా?"

"మొన్న వెళ్దామనే లేచాను. ఫోనొచ్చింది." చెప్పాక ఆ మాట తన చెవికే ఎలా వినబడిందో అల్లుడికి అర్థమైంది. మొహం గంటు పెట్టుకున్నాడు. "నన్ను అనుమానిస్తున్నారా? ఆ ఫోను లేకపోతే నేనూ పోయేవాణ్ణి. అది అదృష్టం, నేరం కాదు. మీ పని త్వరగా ముగించండి, నాలుగు లారీల సరుకు ఎండలో ఉంది."

నిదానం వాకిలి మూలకి వెళ్లి, గోడవార పోసిన పొట్టు కుప్ప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గింజల్లోంచి చెరిగిన పొట్టు అది, ఊదితే ఎగిరిపోయే సరుకు. కుప్ప ఇప్పుడు కొంత చెదిరి ఉంది.

"మొన్న తీసిన ఫోటోలున్నాయా?"

ఇన్‌స్పెక్టర్ ఫోను ఇచ్చాడు. వాకిలి, అంబులెన్సు, గుమిగూడిన జనం, వెనక గోడవార పొట్టు కుప్ప. ఆ కుప్ప ముగ్గుపిండి పోసినట్టు నున్నగా, మొన తేలి ఉంది. ఒక్క రేకు కూడా పక్కన పడి లేదు.

"మొన్న గాలి లేదు" అన్నాడు నిదానం.

"లేదని నేనూ అంటున్నాను. గాలి లేకుండానే లైటు వెలిగేట్టు వీడు స్క్రిప్టు మార్చాడనేగా నా కేసు."

"పద, మార్చాడో లేదో చూద్దాం."

దాటి వెళ్తుంటే అక్క లేచి నిలబడింది. "ఏమైనా తెలిసిందాండీ?"

"తెలుస్తోందమ్మా. కూర్చోండి."

* * *

రౌటర్ ఆఫీసు గోడకి బిగించి ఉంది, అరచెయ్యంత నల్ల పెట్టె. దాని లోపల దాచుకున్న వరుసల్ని సిగ్నల్ కంప్యూటర్ తెర మీదికి తెచ్చాడు. అతని వెనక కానిస్టేబుల్ నిలబడ్డాడు, ఏదో చెరిపేస్తాడేమోనని.

"స్క్రిప్టు చివరిసారి మార్చిందెప్పుడు?"

"ఏడాది దాటింది సార్. ఇదుగో తేదీ."

"తేదీలు మార్చడం వీడికో లెక్కా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నిదానం. స్క్రిప్టు మార్చి పచ్చలైటు వెయ్యాలనుకున్నవాడికి గాలితో పనేముంది? నేరుగా లైటే వేసేస్తాడు. ఇక్కడ చూడు." నిదానం తెర మీద వేలు పెట్టాడు. "మొన్న మధ్యాహ్నం మూడుసార్లూ పెట్టె అడిగింది, మూడుసార్లూ జవాబొచ్చింది, మూడింటిలోనూ గాలి బలంగా ఉందనే ఉంది. పెట్టె తనకి చెప్పింది నమ్మింది. అబద్ధమాడింది పెట్టె కాదు. దానికి జవాబు చెప్పినవాళ్లు."

"అంటే వాతావరణ సంస్థని అరెస్టు చెయ్యమంటారా?" ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. కానిస్టేబుల్ కూడా నవ్వబోయి నిదానాన్ని చూసి మానుకున్నాడు.

"ఆ తర్వాత జవాబులేవి బాబూ?"

"రాలేదు సార్. మొన్న రెండున్నర నుంచీ పెట్టె అడుగుతూనే ఉంది, అవతల్నుంచి ఉలుకూ పలుకూ లేదు."

"నెట్ ఉందా?"

"బ్రహ్మాండంగా ఉంది."

నిదానం ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "గిడ్డంగి కరెంటు ఎప్పుడు తీయించావు?"

"మొన్న. మేం వచ్చిన కాసేపటికి. రెండున్నర..." ఇన్‌స్పెక్టర్ వాక్యం పూర్తి చెయ్యలేదు.

"లోకమంతటికీ జవాబులిచ్చే సంస్థ, నువ్వు ఈ గిడ్డంగి ఫ్యూజు పీకగానే నోరు మూసుకుంది. వాళ్ల కరెంటు మీటరు ఇక్కడుందా?"

  ఇన్‌స్పెక్టర్ శిష్యుడిగా ఉన్నప్పుడు ఇలాంటప్పుడే అతని కళ్లు మెరిసేవి. ఇప్పుడు ముడుచుకున్నాయి.

"గిడ్డంగి లైను మీద బతికే యంత్రం ఏదో లోపలే ఉంది. వాతావరణ సంస్థ వేషం వేసుకుని మన పెట్టెకి జవాబులు చెప్పింది. అలా చెయ్యడం కుదురుతుందా బాబూ?"

"కుదురుతుంది సార్. ఫలానా పేరు అడిగితే ఫలానా చోటికి వెళ్లు అని రౌటర్‌కి చెప్పుకోవచ్చు. మొదట్లో పరీక్ష కోసం నేనే అలాంటి వరుస ఒకటి..." సిగ్నల్ ఏదో నొక్కి చూశాడు. "ఆపేసి ఉంచాను. ఇప్పుడు పని చేస్తోంది. నేను వెయ్యలేదు సార్. ఒట్టు."

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"నాకే."

"ఇంకేం, అయిపోయింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "స్క్రిప్టు మార్చలేదు, జవాబు మార్చాడు. ఏ రాయి అయితేనేం పళ్లూడగొట్టుకోడానికి?"

నిదానం విననట్టే తెరకి ఇంకా దగ్గరగా జరిగాడు. ప్రతి వరుసలోనూ రెండు టైములున్నాయి. ఎడమ పక్క పెట్టె అడిగిన టైము, కుడి పక్క జవాబులోనే వచ్చిన టైము. నెలల తరబడి ఆ రెండూ కలవలేదు. కుడిపక్కది ఎప్పుడూ గంటలకొద్దీ వెనకపడి ఉంది. మొన్న మధ్యాహ్నపు మూడు వరుసల్లో మాత్రం రెండు టైములూ కవలపిల్లల్లా ఒకటే.

"ఇవన్నీ తప్పు, ఈ మూడే కరెక్టుగా ఉన్నాయేం?"

"తిరగేసి చూస్తున్నారు సార్." రెండు రోజుల్లో మొదటిసారి సిగ్నల్ గొంతులోకి ప్రాణం వచ్చింది. తన పని గురించి ఎవరో సరైన ప్రశ్న అడిగారు. "ఆ సంస్థ లోకమంతటికీ ఉమ్మడి గడియారం ఒకటే వాడుతుంది. మన గోడ గడియారానికీ దానికీ గంటల తేడా ఉంటుంది. కాబట్టి వెనకపడి ఉండటమే నిజం. ఈ మూడే తప్పు. ఈ తేడా తెలీక కొత్తలో నేనూ బోల్తా పడ్డాను. ఇంట్లో పాత రౌటర్ ఒకటుంటే దానితో దొంగ జవాబులు పంపించి లైటు పరీక్షించేవాణ్ణి. దానికి గోడ గడియారం టైము పెట్టాను. అక్క అన్నం పెట్టి పిలుస్తున్నా లేవకుండా మూడు రోజులు తల బద్దలు కొట్టుకుంటే గానీ తెలీలేదు. తర్వాత ఎంత నవ్వుకున్నామో. ఆ పాత పెట్టె అటక మీద..."

అతను ఆగిపోయాడు.

తెర మీది మూడు వరుసల వైపు చూస్తూ ఉండిపోయాడు. మొహంలో రక్తం దిగిపోవడం నిదానానికి స్పష్టంగా కనబడింది. బల్ల మీదున్న చేతులు మెల్లిగా ఒళ్లోకి జారాయి.

"అటక మీద?" అన్నాడు నిదానం.

సిగ్నల్ తలెత్తి ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. నిదానం వైపు చూడలేదు. "నేనే చేశాను సార్. మా బావ కోసం చేశాను. రాసుకోండి, సంతకం పెడతాను."

ఇన్‌స్పెక్టర్ గట్టిగా ఊపిరి వదిలాడు. "చూశారా గురువుగారూ? మీ నిదానం కూడా ఒక్కోసారి పనికొస్తుంది."

నిదానం లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. ఆయనకి గెలిచినట్టు లేదు. రెండు రోజులు తిట్టినా కొట్టినా లొంగనివాడు, మూడు అంకెలు చూసి లొంగాడు. మనిషి తన తప్పు ఒప్పుకోడానికి ఆ తొందర ఉండదు. ఎవరికోసమో అడ్డం పడేటప్పుడే ఉంటుంది. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారో ఆయనకి నిన్ననే తెలిసింది.

ఇన్‌స్పెక్టర్‌ని వరండాలోకి పిలిచాడు. "గిడ్డంగి కరెంటు వేయించు. మందు గది ఫ్యాన్ల మీటలు మాత్రం తీసే ఉంచు."

"ఎందుకు? వాడు ఒప్పుకున్నాడు."

"ఆ యంత్రం ఎక్కడుందో చెప్పాడా?"

ఇన్‌స్పెక్టర్ ఆఫీసు వైపు తిరిగి చూశాడు.

"అడిగి చూడు, చెప్పలేడు. వాడికి తెలీదు. యంత్రం లేకుండా నీ కేసు కోర్టులో ఒక్క పూట కూడా నిలబడదు. కరెంటొస్తే అది దానంతటదే లేచి జవాబులు మొదలుపెడుతుంది. మూడు జవాబులకి పచ్చలైటు పడుతుంది. అప్పుడు వీణ్ణి మందు గది దగ్గరికి తీసుకెళ్లు. ఎలా చేశాడో లోపలికి తీసుకెళ్లి చూపించమంటానని వాకిట్లో అందరికీ వినబడేట్టు చెప్పు. కానీ సీలు మీద వేలు కూడా పెట్టకు."

"అల్లుడా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి.

"చూద్దాం."

* * *

కరెంటొచ్చింది. మందు గది మీద ఎర్రలైటు వెలిగింది. వాకిట్లో ఆకు కూడా కదలడం లేదు.

నిదానం వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అల్లుడు ఎర్రలైటు చూసి 'అమ్మయ్య' అన్నట్టు ఫోనందుకున్నాడు, లారీలవాళ్లతో మాట్లాడుతూ అటూ ఇటూ నడిచాడు. అక్క బెంచీ మీదే ఉంది. కరెంటు వచ్చిన క్షణంలో ఆవిడ చేతులు కొంగుని పట్టుకున్నాయి, అంతే. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఎర్రలైటు ఎర్రగానే ఉంది. తను పొరబడ్డానేమోనని నిదానానికి అనిపించింది. పొరబడితే బావుండునని కూడా అనిపించింది.

చివరికి పైకప్పు మీద కిటికీలు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. మరో రెండు జవాబులు వచ్చేసరికి లైటు పచ్చగా మారింది.

ఇన్‌స్పెక్టర్ సిగ్నల్‌ని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చాడు. "పచ్చలైటు పడిందిగా, వాయువు పోయినట్టే. ఇంకో ఐదు నిమిషాల్లో సీలు తీసి లోపలికి తీసుకెళ్తాను. ఎలా చేశావో నీ నోటితోనే చెప్పు" అన్నాడు. అరుపులు అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

"అలాగే సార్" అన్నాడు సిగ్నల్. అతని కళ్లు అక్కని వెతికి పట్టుకుని, వెంటనే పక్కకి తప్పుకున్నాయి.

అల్లుడు ఫోను మాట్లాడుతూనే ఉన్నాడు. అక్క లేచింది. కాపలా ఉన్న కానిస్టేబుల్‌తో, "నోరెండిపోతోంది బాబూ, కుళాయి దగ్గరికెళ్లి కాసిని మంచినీళ్లు తాగొస్తాను" అంది. ఆవిడ తమ్ముడు నిలబడ్డ తలుపు వైపు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. వెనక్కి తిరిగి మొలకల గదిలోకి వెళ్లింది.

తమ్ముడు విషం గదిలోకి వెళ్తున్నాడంటే ఏమీ తెలియని అక్క తలుపుకి అడ్డం పడుతుంది. లైటు ఎక్కణ్ణుంచి అబద్ధమాడుతోందో తెలిసిన అక్క మాత్రమే అటు వెళ్తుంది. నిదానం చెప్పులు విడిచి ఆవిడ వెనకే నడిచాడు.

మొలకల గదిలో గాజు తలుపుల బీరువా ఒకటి ఉంది. అరల్లో పళ్లేలు, పళ్లేల్లో రెండు రోజులుగా నీళ్లు లేక తలలు వాల్చిన మొలకలు. అక్క మోకాళ్ల మీద కూర్చుని బీరువా వెనక్కి చెయ్యి పెట్టి తడుముతోంది. తీగ దొరికింది. లాగింది. తీగతోపాటు పాత రౌటర్ ఒకటి నేల మీద పడింది. దాని మీది చిన్న దీపం ఆరిపోయింది.

ఆవిడ తలెత్తేసరికి నిదానం గుమ్మంలో ఉన్నాడు. అబద్ధం వెతుక్కోలేదు. తప్పించుకోడానికీ చూడలేదు. అడిగింది ఒకటే.

"ఎర్రగా మారిందా?"

"ఇంకా లేదమ్మా. పెట్టె మళ్లీ అడగాలి, జవాబు రాకపోతే అప్పుడు మారుతుంది."

"ఈలోగా వాణ్ణి లోపలికి..." ఆవిడ లేవబోయింది.

"తలుపు తియ్యరు. నేనే వద్దన్నాను. మీ తమ్ముడికి ఏం కాదు."

ఆవిడ మళ్లీ నేల మీద కూలబడింది.  బయటినుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు వినబడుతోంది, "పాస్‌వర్డ్ ఏంటో చెప్పు" అంటున్నాడు. సిగ్నల్ ఏదో అన్నాడు.

"మా ఆయన పేరే" అంది అక్క. "వాడు ఏం పెట్టుకున్నా అదే పేరు పెడతాడు. ఇంట్లో వాడు ఆ పరీక్షలు చేసినన్నాళ్లూ పక్కన కూర్చుని చూసినదాన్నే. వాడి మీదికొస్తుందనుకోలేదండీ. ఆ వాతావరణం వాళ్ల లెక్క తప్పిందనుకుంటారు, కాసేపటికి నేను తీగ లాగేస్తే సరిపోతుందనుకున్నాను. మీ పోలీసులు అందర్నీ బయటికి పంపించేశారు. మళ్లీ ఈ గదిలోకి రానివ్వలేదు."

"తమ్ముణ్ణి బయటపడెయ్యమని నన్ను పిలిచింది మీరే."

"నేను చెయ్యగలిగింది అదొక్కటేగా. నేనే చేశానని వాళ్లతో చెప్పబోయాను. నోరు రాలేదు. మీరైతే వాడు చెయ్యలేదని మాత్రం కనిపెట్టి ఆగిపోతారనుకున్నాను."

నిదానం ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. ఆయనకి కోపం రాలేదు. రావాలని చూసినా రాలేదు. "నాలుగేళ్లు ఊరుకున్నారు. ఇప్పుడెందుకు?"

"నేనా రోజు ఇక్కడే ఉన్నానండీ, ఈ కిటికీ పక్కనే. అప్పటికి లైటూ లేదు, ఏమీ లేదు. ఇవాళ లాగే ఆకు కదలడం లేదు. ఫ్యాన్లు వేసి గంట ఆగుదామన్నాడు మా ఆయన. పెద్దాయన అన్న మాట నా చెవుల్తో విన్నాను. 'గాలి ఉందిలే, వెళ్లు' అన్నాడు. విచారణలో తను ఆ మాట అనలేదన్నాడు. నేను విన్నానంటే మొగుడు పోయిన బాధలో ఏదో వాగుతోందన్నారు. ఆ తర్వాత నాలుగేళ్లూ, పచ్చలైటు పడిన ప్రతిసారీ ఆయన ఇక్కడికొచ్చి, గింజలు నా చేతిలో పోసి, 'చూశావా, ఎంత క్షేమంగా ఉందో' అనేవాడు. ప్రతిసారీ అనేవాడు."

ఆవిడ పెట్టె చేతిలోకి తీసుకుని, దానికి పట్టిన దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఆయన మాటే ఆయనకి తిరిగి చెప్పించానండీ. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పించలేదు. గాలి ఉందిలే, వెళ్లు."

బయట సిగ్నల్ గొంతు పెరిగింది. "చెప్తున్నాగా సార్, నేనే. యంత్రం కాలవలో పారేశాను. నేనొక్కణ్ణే."

అక్క విని కళ్లు మూసుకుంది. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లింది. గ్లాసుతో నీళ్లు పట్టి, తాను తాగకుండా, వాడిపోయిన మొలకల పళ్లేల్లో పోసింది. "పదండి. వాడు చిన్నప్పట్నుంచీ అంతే, అబద్ధం చెప్తే ఇట్టే దొరికిపోతాడు" అంది.

ఇద్దరూ వాకిట్లోకి వచ్చేసరికి తలుపు మీద పచ్చలైటు ఆరి ఎర్రలైటు పడింది. ఇన్‌స్పెక్టర్, అల్లుడు, కానిస్టేబుల్ అందరూ తలెత్తి దాన్నే చూశారు. సిగ్నల్ చూడలేదు. అక్క చేతుల్లో ఉన్న పాత పెట్టెనే చూస్తూ నిలబడ్డాడు.